చించిన కాగితం, దాచిన కాగితం

1971 డిసెంబర్ 3 రాత్రి విశాఖపట్నంలో చాలామంది పడుకోకుండా రేడియోల దగ్గర కూర్చున్నారు. ఆ సాయంత్రమే పాకిస్తాన్ విమానాలు మన పశ్చిమ సరిహద్దు వైపు వైమానిక స్థావరాల మీద దాడి చేశాయి. కలకత్తా సభలో ఉన్న ప్రధాని ఇందిరా గాంధీ హడావుడిగా ఢిల్లీ చేరుకున్నారు. అర్ధరాత్రి దేశాన్ని ఉద్దేశించి మాట్లాడతారని కబురు. జనం ఆ ప్రసంగం కోసం మేలుకున్న ఆ రాత్రే సముద్రంలో పెద్ద పేలుడు జరిగింది. బీచ్ వైపు ఇళ్లలో కిటికీ అద్దాలు అదిరాయి. తెల్లారాక జాలర్లు నీళ్లలో తేలుతున్న వస్తువుల్ని ఏరి తెచ్చారు. వాటిలో ఒక లైఫ్ జాకెట్ మీద 'యూఎస్ఎస్ డయాబ్లో' అని ఉంది. అమెరికా 1963లో పాకిస్తాన్‌కు ఇచ్చిన జలాంతర్గామి పాత పేరు అది. పాకిస్తాన్ దానికి ఘాజీ అని పేరు పెట్టుకుంది. అందులో ఉన్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు.

పన్నెండు రోజులు గడిచాయి. డిసెంబర్ 15న న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో పాకిస్తాన్ తరఫున వచ్చిన జుల్ఫికర్ అలీ భుట్టో మాట్లాడుతూ మాట్లాడుతూ చేతిలో ఉన్న కాగితాల్ని చించేసి, తన బృందంతో సహా లేచి బయటికి వెళ్లిపోయారు. మర్నాడు సాయంత్రం ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో, తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్)లోని పాక్ సేనల అధిపతి జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టారు. 93,000 మంది యుద్ధఖైదీలయ్యారు.

మొదటి సంగతి విశాఖ వాళ్లకు కొట్టిన పిండి. ఆర్కే బీచ్‌లో 'విక్టరీ ఎట్ సీ' స్మారకం ఉంది, దాని దగ్గర్లోనే మ్యూజియంగా మారిన కుర్సురా జలాంతర్గామి ఉంది, ఏటా నేవీ డే విన్యాసాలు ఉన్నాయి. రెండో సంగతిని పాత వీడియో ముక్కగా చాలామంది చూసే ఉంటారు. ఈ రెండింటినీ ఒకచోట పెట్టి ఆలోచిస్తే ఒక ప్రశ్న వస్తుంది. సంక్షోభం నడుస్తుండగా ఒక దేశనాయకుడు ప్రసంగం కోసం చేత్తో రాసుకున్న కాగితానికి ఎందుకంత విలువ? ప్రసంగం రికార్డయి ఉంటుంది, పత్రికల్లో అచ్చవుతుంది. అయినా ఆ గజిబిజి కాగితం కోసం చరిత్రకారులు పెట్టెలకు పెట్టెలు ఎందుకు వెతుకుతారు?

దీనికి సూటి జవాబు ఉంది. ప్రసంగంలో తీసుకున్న నిర్ణయం మాత్రమే కనిపిస్తుంది. నిర్ణయానికి ముందు ఆ మనిషి ముందు ఎన్ని దారులు తెరుచుకుని ఉన్నాయో, దేనికి భయపడ్డాడో, ఏ మాట రాసి కొట్టేశాడో కాగితంలోనే ఉంటుంది. ఆ కాగితం పోతే ఆ తరవాతి వాళ్లకు, జరిగింది ఒక్కటే జరిగి తీరాల్సిందనే అబద్ధపు నమ్మకం మిగులుతుంది. విశాఖకు ఈ విషయం మిగతా ఊళ్లకన్నా ఎక్కువ పట్టాలి. ఎందుకో చివర్లో చూద్దాం.

ముందు భుట్టో చించిన కాగితం దగ్గరికి వెళ్దాం. అది ఏ కాగితం అన్న దగ్గరే తగాదా మొదలవుతుంది. ఆయన చించింది తన సొంత నోట్సు అని కొందరు చెబుతారు, పోలండ్ ప్రవేశపెట్టిన తీర్మానం ప్రతి అని మరికొందరు చెబుతారు. రెండూ ఒకటే కదా, చించడం చించడమే కదా అనుకోవడానికి లేదు.

పోలండ్ తీర్మానంలో ఏముందో చూస్తే తేడా తెలుస్తుంది. తూర్పు పాకిస్తాన్‌లో ఎన్నికల్లో గెలిచిన ప్రతినిధులకు అధికారం అప్పగించాలి, తొలుత 72 గంటల కాల్పుల విరమణ ఉండాలి, పాకిస్తాన్ సైన్యం అక్కడి నుంచి వెళ్లిపోవాలి, ఆ తరవాత భారత సైన్యం కూడా వెనక్కి రావాలి. పాకిస్తాన్‌కు ఇది చేదుమాత్రే. కానీ బహిరంగంగా లొంగిపోవడం కన్నా, వేలమంది సైనికులు ఖైదీలుగా పోవడం కన్నా తక్కువ చేదు. అంతకుముందు వచ్చిన తీర్మానాలను సోవియట్ యూనియన్ మూడుసార్లు వీటో చేసి ఆపింది. ఈసారి తీర్మానం తెచ్చింది సోవియట్ శిబిరంలోని దేశమే కాబట్టి ఆ అడ్డు ఉండదు. అందుకే ఢిల్లీకి కూడా అది సౌకర్యమైన తీర్మానం కాదు. అలాంటి తీర్మానాన్ని భుట్టో కావాలనే చించారంటే, ఒక దారిని తెలిసి మూసేశారని అర్థం. సొంత నోట్సు చించుకున్నారంటే, ఆ రోజు చెప్పాలని రాసుకున్నది చెప్పి లాభం లేదని నిర్ణయించుకున్నారని అర్థం. మొదటిది రాజకీయ ఎత్తుగడ అవుతుంది, రెండోది నిస్పృహ అవుతుంది. పాకిస్తాన్‌లో యాభై ఏళ్లు దాటినా ఈ చర్చ ఆగకపోవడానికి కారణం ఇదే. తూర్పు పాకిస్తాన్ పోవడంలో భుట్టో బాధ్యత ఎంత అన్న పెద్ద ప్రశ్న, ఆ చిన్న ముక్కల మీద కూడా ఆధారపడి ఉంది.

సమితి రికార్డు ఈ తగాదా తీర్చలేదు. అందులో మాటలు ఉంటాయి. లొంగుబాటులో తాను భాగస్వామిని కానని, భద్రతామండలిలో కాలం వృథా చేసుకోవడం ఎందుకని, వెళ్లి పోరాడతామని ఆయన అన్న మాటలన్నీ దొరుకుతాయి. చేతిలో ఏముందన్నది మాత్రం మాటల రికార్డు చెప్పదు.

ఇక్కడ గడియారాన్ని కూడా చూసుకోవాలి. న్యూయార్క్‌లో పగలంటే ఢాకాలో రాత్రి. భుట్టో లేచి వెళ్లిపోయే సమయానికి అక్కడ ఫిరంగుల కథ దాదాపు ముగిసిపోయింది. యుద్ధం ఆపమని నియాజీ ఢాకాలోని అమెరికా కాన్సులేట్ ద్వారా అప్పటికే అడిగి ఉన్నారు. డిసెంబర్ 15 సాయంత్రం 5 గంటల నుంచి మర్నాడు పొద్దున 9 గంటల దాకా ఢాకా మీద వైమానిక దాడులు ఆపుతున్నట్టు భారత సైన్యాధిపతి జనరల్ మానెక్‌షా ప్రకటించారు. వెళ్లి పోరాడతామని భుట్టో న్యూయార్క్‌లో అంటున్న గంటల్లో, పోరాడాల్సిన సైన్యం లొంగిపోయే షరతులు మాట్లాడుకుంటోంది. ఆయన ముందు నోట్సు ఉండి, అది మనకు మిగిలి ఉంటే, ఢాకా సంగతి అప్పటికి ఆయనకు ఎంత తెలుసో బహుశా అందులో తేలేది. సంక్షోభ కాలపు నోట్సును దానిమీద తేదీతో చదివితే సరిపోదు. గంటలు కూడా లెక్క కట్టి, ఆ గంటకు నేల మీదా నీటి మీదా ఏం జరుగుతోందో పక్కన పెట్టుకుని చదవాలి.

దాచుకున్న కాగితం ఎలాంటి సాక్ష్యం చెబుతుందో తెలియాలంటే ఐసన్‌హోవర్ నోటు చూడాలి. ఆయన ఇంకా అమెరికా అధ్యక్షుడు కాలేదు, మిత్రదేశాల సేనలకు అధిపతి. 1944 జూన్ 5న, నార్మండీ తీరం మీద దాడికి ముందురోజు, ఒక చిన్న కాగితం మీద పెన్సిల్‌తో నాలుగు వాక్యాలు రాసుకున్నారు. దాడి విఫలమైతే చదవాల్సిన ప్రకటన అది. దాడి గెలిచింది కాబట్టి ఆ ప్రకటన ఎవరూ వినలేదు. కాగితం ఆయన పర్సులో ఉండిపోయింది, కొన్ని వారాల తరవాత ఆయన సహాయకుడి చేతికి వచ్చి బతికిపోయింది.

ఆ కాగితంలో అసలు విలువైనవి కొట్టివేతలు. సేనలను వెనక్కి రప్పించడం జరిగింది అన్నట్టుగా, చేసింది ఎవరో చెప్పకుండా మొదట రాశారు. దాన్ని కొట్టేసి, సేనలను నేను వెనక్కి రప్పించాను అని మార్చారు. ఈ ప్రత్యేక చర్య అని మొదలెట్టిన వాక్యాన్ని కొట్టేసి, దాడి చేయాలన్న నా నిర్ణయం అని మార్చారు. తప్పంటూ ఉంటే అది నా ఒక్కడిదే అన్న చివరి మాట కింద గీత గీశారు. బాధ్యత తప్పించుకునే వాక్యం ఎంత తేలిగ్గా చేతికి వస్తుందో, దాన్ని కొట్టేసి 'నేను' అని రాయడానికి ఎంత ప్రయత్నం కావాలో పెన్సిల్ గీతల్లో కనిపిస్తుంది. ఆయన అలసట కూడా కనిపిస్తుంది: జూన్ 5 అని వేయాల్సిన చోట జూలై 5 అని వేశారు. టైపు చేసిన శుభ్రమైన ప్రతి మాత్రమే మిగిలి ఉంటే ఇవేవీ తెలిసేవి కావు. మన ప్రభుత్వ ఉత్తర్వుల్లో 'చర్యలు తీసుకోబడినవి' అన్న వాక్యం చదివీ చదివీ విసిగిన వాళ్లకు ఆ దిద్దుబాటు విలువ వేరే చెప్పక్కర్లేదు.

చదవని ప్రసంగాలు 1962 క్యూబా సంక్షోభంలోనూ ఉన్నాయి. సోవియట్ క్షిపణులు క్యూబాలో ఉన్నాయని అక్టోబర్ 16న అధ్యక్షుడు కెనెడీకి ఫొటోలు చూపించారు. 22వ తేదీ రాత్రి ఆయన టీవీలో మాట్లాడి, క్యూబా చుట్టూ నౌకలతో అడ్డుకట్ట వేస్తున్నట్టు ప్రకటించారు. ఆ ప్రసంగం చాలావరకు ఆయన ప్రసంగాలు రాసే సహాయకుడు టెడ్ సోరెన్సన్ రాసింది. అయితే దాంతోపాటు ఇంకో ముసాయిదా కూడా తయారైంది. క్షిపణుల మీద వైమానిక దాడి ఇప్పటికే జరిగిపోయిందని బరువెక్కిన గుండెతో చెప్పే ప్రసంగం అది. ఇవాళ రెండూ చదవొచ్చు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అణుయుద్ధం అంచు దాకా ప్రపంచం వెళ్లిందని పాఠ్యపుస్తకంలో చదవడం వేరు, వెళ్లాక దేశానికి ఏం చెప్పాలో కూడా కాగితం మీద సిద్ధంగా ఉండిందని కళ్లారా చూడటం వేరు.

కెనెడీకి సమావేశాల్లో పసుపు రంగు కాగితాల మీద పిచ్చిగీతలు గీసే అలవాటు ఉండేది. ఒకే మాటను మళ్లీ మళ్లీ రాయడం, దాని చుట్టూ గడులు గీయడం, మధ్యలో తెరచాప పడవ బొమ్మ వేయడం. ఆ రోజుల కాగితాల మీద క్షిపణి అన్న మాట వరసగా రాసి ఉన్న పేజీ ఉంది. ఆయన కార్యదర్శి ఎవెలిన్ లింకన్ ఇలాంటి కాగితాల్ని పారేయకుండా ఏరి దాచారు. వీటి మీద మరీ ఎక్కువ సిద్ధాంతాలు అల్లడం ప్రమాదం. పడవ బొమ్మ చూసి అడ్డుకట్ట ఆలోచన అప్పుడే పుట్టిందని చెప్పేవాళ్లు ఉంటారు. కెనెడీ చిన్నప్పటి నుంచీ పడవలు నడిపిన మనిషి, మామూలు రోజుల్లో కూడా పడవలే గీసేవాడు. చేతిరాత నోట్సును చదివేటప్పుడు ఇది గుర్తుండాలి: ఆ మనిషి మామూలు అలవాటు ఏమిటో తెలియకుండా సంక్షోభపు రాతలో అర్థం వెతకకూడదు.

కెనెడీదే మరో కాగితం ఇంకా ప్రసిద్ధి. 1963 జూన్ 26న పశ్చిమ బెర్లిన్‌లో మాట్లాడే ముందు, తానూ బెర్లిన్ వాడినే అని జర్మన్‌లో చెప్పే ముక్కను, ఇంకో రెండు పరభాషా వాక్యాలను ఒక కార్డు మీద ఇంగ్లిష్ ఉచ్చారణకు తగ్గట్టు అక్షరాలు మార్చి రాసుకున్నారు. హిందీ రాని మన నాయకులు ఢిల్లీలో మాట్లాడాల్సి వస్తే తెలుగు లిపిలో రాసుకుని చదవడం మనం చూసినదే. ఆ కార్డు చెప్పే సంగతి ఏమిటంటే, ఆయన్ని ఆ రోజు టెన్షన్ పెట్టింది రాజకీయ వాదన కాదు, నోరు తిరగని ముక్కలు. వాదన నోట్లో ఉంది కాబట్టి దాన్ని కార్డు మీద రాసుకోలేదు. సిద్ధం చేసిన ప్రసంగాన్ని పక్కన పెట్టి మరీ, కమ్యూనిస్టులతో కలిసి పనిచేయొచ్చని అనేవాళ్లు బెర్లిన్ వచ్చి చూడాలని ఘాటుగా అన్నారు. రెండు వారాల కిందటే, జూన్ 10న, సోవియట్లతో శాంతి గురించి ఆయన చేసిన ప్రసంగానికి ఇది అడ్డం తిరిగింది. అదే రోజు తరవాతి ప్రసంగంలో గొంతు తగ్గించాల్సి వచ్చింది. కాగితంలో లేనిదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇప్పుడు బంగాళాఖాతం వైపు తిరుగుదాం. 1971 కథలో అన్నిటికన్నా బరువైన చేతిరాత ఇందిరదీ కాదు, భుట్టోదీ కాదు. అది అప్పటి అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్‌ది. ఆ ఏడాది మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో మారణకాండ మొదలెట్టింది. ఏప్రిల్ 28న పాకిస్తాన్ పట్ల అమెరికా ఎలా ఉండాలో మూడు దారులు చూపిస్తూ ఆయన జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ ఒక నోటు పెట్టారు. పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్‌తో సానుకూలంగా నడిచే దారిని నిక్సన్ ఎంచుకుని, కింద తన చేత్తో రాశారు: అందరికీ, ఈ సమయంలో యాహ్యాను ఒత్తిడి చేయొద్దు. 'వద్దు' అన్న మాట కింద మూడుసార్లు గీత గీశారు.

ఒక వాక్యం, మూడు గీతలు. శరణార్థులు లక్షల్లో, ఆ తరవాత కోటి దాకా మన దేశంలోకి వస్తున్నా వాషింగ్టన్ ఎందుకు కదల్లేదో చెప్పడానికి బహిరంగ ప్రకటనలు వంద చదివినా ఇంత స్పష్టత రాదు. యాహ్యా అప్పుడు అమెరికాకు చైనాతో రహస్య రాయబారి. జూలైలో కిసింజర్ పాకిస్తాన్ మీదుగానే గుట్టుగా బీజింగ్ వెళ్లొచ్చారు. 1972 ఫిబ్రవరిలో చైనా పర్యటన కోసం నిక్సన్ చేత్తో రాసుకున్న నోట్సు కూడా ఉంది. వాళ్లకేం కావాలి, మనకేం కావాలి, ఇద్దరికీ ఏం కావాలి అని మూడు శీర్షికల కింద పొడి ముక్కల్లో రాసుకున్నారు. ఇద్దరికీ కావాల్సిన వాటిలో సోవియట్ యూనియన్‌కు కళ్లెం వేయడం ఒకటి. అంతకు కొన్ని నెలల ముందే, 1971 ఆగస్టు 9న, భారత్ ఆ సోవియట్ యూనియన్‌తో ఒప్పందం మీద సంతకం చేసింది. డిసెంబర్ మధ్యలో ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకతో అమెరికా దళం బంగాళాఖాతంలోకి ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఏప్రిల్ నాటి మూడు గీతల్నీ, ఫిబ్రవరి నాటి మూడు శీర్షికల్నీ కలిపి చదవాలి. మన తీరం మీద కమ్ముకున్న ఆ ముప్పు మూలం ఇంకెక్కడో రాసిన రెండు చేతిరాత కాగితాల్లో దొరుకుతుంది.

అవి దొరకడానికి చట్టం కూడా కారణం. ఒకప్పుడు అమెరికాలో అధ్యక్షుడి కాగితాలు అతని సొంత ఆస్తి. నిక్సన్ వాటర్‌గేట్ కుంభకోణంలో పదవి పోగొట్టుకున్నాక, ఆయన కాగితాలూ టేపులూ మాయం కాకుండా 1974లో ప్రత్యేక చట్టం చేశారు. 1978లో ఇంకో చట్టం చేసి, 1981 నుంచి అధ్యక్షుల అధికారిక కాగితాలన్నీ ప్రజల ఆస్తి అన్నారు. నిక్సన్‌కు ఇబ్బంది కలిగించే ఆ వాక్యాన్ని ఈ రోజు ఎవరైనా చూడగలుగుతున్నారంటే, ఇబ్బంది కలిగించే కాగితమే ముందు దాచాలన్న పట్టుదల వల్ల.

మన దగ్గర ఏముంది? 1971లో ఇందిరకు ముఖ్య సలహాదారుల్లో ఒకరైన పి.ఎన్. హక్సర్ కాగితాలు ఢిల్లీ తీన్‌మూర్తి భవన్‌లోని లైబ్రరీలో ఉన్నాయి. ఆ ఏడాది గురించి ఇటీవల వచ్చిన మంచి పరిశోధన చాలావరకు వాటి మీద ఆధారపడింది. అంటే ఒక అధికారి కాగితాలు నిలబడటం వల్ల ఒక దేశపు ఆలోచన కొంత నిలబడింది. కానీ మన ప్రధానుల సొంత చేతిరాత ముసాయిదాలు ఆఫీసుకూ కుటుంబానికీ మధ్య ఎక్కడో ఉంటాయి. ఎవరి ఆస్తో, ఎవరు అనుమతి ఇవ్వాలో అన్నది తరచూ వివాదమే. 1993 పబ్లిక్ రికార్డుల చట్టం ప్రకారం ప్రభుత్వ రికార్డును నిబంధనలు పాటించకుండా నాశనం చేస్తే ఐదేళ్ల దాకా జైలు లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం గట్టిదే. చేత్తో రాసి జేబులో పెట్టుకున్న చీటీని రికార్డుగా ఎవరు గుర్తిస్తారన్నదే సమస్య.

ఇక విశాఖ సంగతి. ఘాజీ ఎలా మునిగిందన్న దాని మీద రెండు కథనాలు ఉన్నాయి. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలే (నీటి లోతున పేలే బాంబులే) కారణమని భారత నౌకాదళం చెబుతుంది. లోపల జరిగిన పేలుడు, లేదా అది తానే వేసిన మందుపాతర కారణమని పాకిస్తాన్ చెబుతుంది. ఆ వేటకు ముందు ఆడిన నాటకం గురించి మాత్రం పెద్ద తగాదా లేదు. ఘాజీ వచ్చింది విక్రాంత్ విమానవాహక నౌక కోసం. విక్రాంత్‌ను తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ముందే అండమాన్ వైపు పంపించేశారు. అది ఇంకా విశాఖ దగ్గరే ఉందని నమ్మించడానికి రాజ్‌పుత్ చేత విక్రాంత్ లాగా రేడియో సందేశాలు పంపించారు. ఊళ్లో పెద్ద నౌకకు సరిపడేంత మాంసం, కూరగాయలు కొనిపించారు. తల్లి ఆరోగ్యం ఎలా ఉందని ఒక నావికుడు అడుగుతున్నట్టు మామూలు టెలిగ్రాం కూడా వెళ్లింది.

ఆ టెలిగ్రాం దగ్గర చరిత్ర విద్యార్థి కాసేపు ఆగాలి. అది అసలైన కాగితమే, దాని మీద తేదీ అసలైనదే, అందులో చెప్పింది మాత్రం శత్రువు చదవాలని రాసిన అబద్ధం. దాని వెనక ఉన్న కృష్ణన్ ఆదేశాలూ సంకేతాలూ తెలియకపోతే, వందేళ్ల తరవాత ఎవరైనా ఆ టెలిగ్రాం పట్టుకుని డిసెంబర్ మొదట్లో విక్రాంత్ విశాఖలోనే ఉందని రాసేయగలరు. ఒంటరి కాగితం అబద్ధం చెప్పగలదు. పక్క కాగితాలు ఉంటేనే దాన్ని నిలదీయగలం.

ఆ పక్క కాగితాలే ఇప్పుడు లేవంటున్నారు. తూర్పు సైనిక కమాండ్ దగ్గరుండాల్సిన 1971 యుద్ధ రికార్డులు ఎన్నడో నాశనమయ్యాయని 2010లో పత్రికల్లో వార్తలొచ్చాయి. ఘాజీ మునకకు సంబంధించిన మూల పత్రాలు నౌకాదళం దగ్గర కనిపించడం లేదని కూడా అదే ఏడాది వార్త వచ్చింది. ఇది బాధ పడాల్సిన విషయం. దేశ చరిత్రలో విశాఖ పేరు నిలిచిన రాత్రి అది. స్మారకం ఉంది, మ్యూజియం ఉంది, సముద్రం అడుగున శిథిలం ఉంది. ఆ రాత్రి నిమిషనిమిషానికీ ఎవరు ఏం అనుకుని ఏ ఆదేశం రాశారో చెప్పే కాగితం చూపించమంటే చూపించలేం. పాకిస్తాన్ కథనం తప్పని గట్టిగా చెప్పడానికి కావాల్సింది గొంతు కాదు, ఆ కాగితమే. 2021లో రక్షణ శాఖ కొత్త విధానం తెచ్చింది. యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు బయటపెట్టాలని, ఆపైన పాతబడ్డవాటిని నిపుణులు పరిశీలించి నేషనల్ ఆర్కైవ్స్‌కు పంపాలని అందులో ఉంది. మంచి నిర్ణయమే. అప్పటికే పోయినవాటిని ఏ విధానమూ తిరిగి తేలేదు.

అయితే మిగిలినవి ఉండొచ్చు, అవి ప్రభుత్వ బీరువాల్లో ఉండకపోవచ్చు. 1971లో ఈ ఊళ్లో నేవీ కుటుంబాలు ఉన్నాయి, పోర్టు ఉద్యోగులు ఉన్నారు, డాక్‌యార్డ్ కార్మికులు ఉన్నారు. బ్లాకౌట్ రాత్రుల్లో డైరీలు రాసుకున్నవాళ్లు, ఇంటికి ఉత్తరాలు రాసినవాళ్లు, రేడియోలో ప్రధాని మాట్లాడుతుంటే ముఖ్యమైన ముక్కలు నోటుబుక్కులో ఎక్కించుకున్నవాళ్లు ఉండే ఉంటారు. అప్పటికి ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు డెబ్భై దాటారు. నాయకుడి నోట్సు ఎంత ముఖ్యమో, అది విన్నవాళ్ల నోట్సూ అంతే ముఖ్యం. ప్రసంగం ఏ గంటకు వినపడింది, పేలుడు దానికి ముందా తరవాతా అన్న చిన్న వివరం ఒక స్కూలు నోటుబుక్కులో దొరికినా పనికొస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర విభాగమో, బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియమో ఒక పిలుపు ఇచ్చి, తీసుకున్న కాగితానికి రసీదు రాసిచ్చి, స్కాన్ చేసుకుని అసలు తిరిగి ఇచ్చే ఏర్పాటు చేస్తే చాలామంది ముందుకొస్తారు. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఒక స్కానర్, ఓపిగ్గా కూర్చునే ఇద్దరు విద్యార్థులు చాలు.

అందాకా ఇంట్లో అలాంటి కాగితం ఉన్నవాళ్లు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కాగితాల్ని గోడకు ఆనించిన బీరువాలో, నేలను తాకే పెట్టెల్లో ఉంచకూడదు. లామినేషన్ చేయించడం మంచిదనుకుంటారు, అది తప్పు. ఆ వేడికీ జిగురుకీ కాగితం పాడవుతుంది, మళ్లీ ఊడదీయడం కుదరదు. చిరిగినచోట సెలోటేప్ అంటించినా కొన్నేళ్లకు పసుపు మరక మిగులుతుంది. ఫొటో తీసేటప్పుడు రెండు వైపులా తీయాలి, వెనక ఖాళీగా ఉన్నా సరే. కొట్టేసిన మాటలున్నచోట పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి తీస్తే పెన్ను నొక్కిన గుర్తులు కనిపిస్తాయి, కింది మాట చదవొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ కాగితం ఎవరు రాశారో, ఎప్పుడు, ఎక్కడ ఉండగా రాశారో తెలిసినంతవరకు విడిగా ఒక కాగితం మీద పెన్సిల్‌తో రాసి దాంతోపాటు పెట్టాలి. రాసినవాళ్లు ఇంట్లో ఇంకా ఉంటే, ముందు వాళ్లనే అడగాలి.